మందు మీట ఏ పక్క?

పళ్లు నూరడం ఆమె వృత్తి. డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్లు చేసి, నూరి, మెరుగుపెట్టి ఇస్తుంది. ఇంటికొచ్చాక కూడా పళ్లు నూరుకోవలసి వస్తుందని, మేనమామకు మాటిచ్చిన రోజున పాపం ఆమెకు తెలియదు.

మావయ్య ఒకప్పుడు పొలాల మీద పురుగుమందు చల్లే విమానం నడిపాడు. రెక్క మీద రెక్క, లోపల ఒక్కడికే చోటు. దాన్ని ఎప్పుడో తుక్కుకింద కోసేశారు. ముక్కలు అతికించి కట్టుకునే ఆ విమానం బొమ్మ ఒక దుకాణంలో కనబడేసరికి, ఆమె కొనుక్కొచ్చి, తగుదునమ్మా అని, కాక్‌పిట్ అంతా మీరు కూర్చున్నప్పుడు ఉన్నట్టే చేసిస్తాను మావయ్యా అంది. పెట్టెలో కాక్‌పిట్ కోసం ఇచ్చినవి ఒక కుర్చీ, నడిపే కర్ర, అంతే. మిగతావన్నీ చేత్తో చెయ్యాల్సిందే.

చెయ్యడం ఆమెకు ఒక లెక్క కాదు. పలచటి ప్లాస్టిక్ రేకు కోసి, ఎత్తూ వేగమూ చూపే గడియారాల పలక చేసింది. ప్లాస్టిక్ కాడను మంట మీద చూపించి వెంట్రుకలా సాగదీసి గొట్టాలు పరిచింది. పాత వైరులోంచి లాగిన రాగితీగతో మీటలు, సీసం రేకుతో బెల్టులు.

చిక్కల్లా మావయ్యతోనే. విమానం లోపల తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది. అందులో మీటలన్నిటినీ కప్పేస్తూ మావయ్య భుజాలున్నాయి. ఇక ఆయన జ్ఞాపకమే దిక్కయింది. ఆ జ్ఞాపకమేమో పూటకో మాట.

మందు వదిలే మీట ఎడమవైపని మొదట చెప్పాడు. అతికించాక వచ్చి, భూతద్దంలోంచి చూసి, ఎడమవైపుండేది ఇంజను మీట, మందుది కుడివైపు అన్నాడు. పీకి కుడివైపు పెట్టింది. మళ్లీ వచ్చి, కుడిచేత్తో కర్ర పట్టుకోవాలి కదా, ఆ మాత్రం తోచలేదా అని కోప్పడ్డాడు. కుడి అన్నది మీరేనంటే, జన్మలో అనలేదన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సాక్ష్యానికి, ఆయన వెంట వచ్చిన అత్తయ్యను పిలిస్తే, పొద్దున పెట్టిన కళ్లజోడు ఎక్కడుందో చెప్పలేని మనిషిని పాత మీట సంగతి అడిగిన నీదే తప్పని ఆవిడ తేల్చేసింది.

పీకిన చోటల్లా గుంట. గుంట పూడ్చి, నునుపు చేసి, మళ్లీ రంగు. ఒకసారి పట్టకారులోంచి మీట కాస్తా ఎగిరిపోయింది. ఆమె నేలమీద పాకుతూ అరచేతులతో వెతుకుతుంటే, మావయ్య సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని అటు చూడు, ఇటు చూడు అంటూ దారి చూపించాడు. చివరికది ఆయన మేజోడుకే అంటుకుని దొరికింది. విమానం రెండు చెక్కలూ మూసేశాక లోపల ఎవరికి కనబడుతుందిలే అన్నాడు భర్త. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

ఓ మధ్యాహ్నం మావయ్య కొత్తగా, అసలది కాలితో తొక్కేదేమో అన్నాడు. ఆమె పట్టకారు కింద పెట్టేసింది. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ లాక్కొచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, చేతికి కర్రగరిటె ఇచ్చింది.

"కళ్లు మూసుకోండి. నోరు కూడా. పొలం అంచుకొచ్చారు, దిగండి."

ఆయన ఏదో గొణిగాడు. తర్వాత వెన్ను నిటారయింది. గరిటెను రెండు వేళ్లతో పట్టీ పట్టనట్టు పట్టుకున్నాడు. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను నొక్కాయి. ఎడమచెయ్యి ముందుకు ఏదో తోసింది, వెంటనే వదిలేసి తొడ పక్కన కిందికి దిగి, ఒకదాన్ని పైకి లాగి, తిరిగి ముందుకెళ్లింది. పొలం అయిపోయింది కాబోలు, చెయ్యి మళ్లీ కిందికి దిగి దాన్ని నొక్కేసింది. గరిటె ఒళ్లోకొచ్చింది. మనిషి పక్కకి ఒరిగాడు.

ఆమె టేపు తెచ్చి, ఆయనకు తగలకుండా, పిడికిలికీ కుర్చీకీ మధ్య ఎడం కొలిచింది. కొలవడం అయ్యాక కూడా ఆపమనలేదు. వంటింటి గుమ్మంలో అత్తయ్య చేతులు తుడుచుకోవడం మానేసి చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు పని చేస్తుండగా ఆవిడ చూసింది లేదు.

మావయ్య ఉన్నట్టుండి తల వంచాడు.

"కరెంటు తీగలు," అన్నాడు మెల్లగా, దాటాక ఊపిరి వదిలి కళ్లు తెరిచాడు. "తేలిందా?"

"సీటుకీ గోడకీ మధ్య. ఎడమ తొడ దగ్గర."

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా, ఎడమ అని."

ఆమె పళ్లు నూరుకుంది. అయినా మీట అక్కడే పెట్టింది, పిడికి ఎర్రరంగు కూడా వేసి. చెక్కలు మూశాక, భర్త అన్నట్టే, ఎటు తిప్పినా అది కనబడలేదు. మావయ్య విమానాన్ని వెలుతురుకి పట్టుకుని ఒంటికన్నుతో చాలాసేపు వెతికాడు.

"ఉందా అసలు?"

"ఉంది మావయ్యా."

"సరేలే. అప్పుడు కూడా చూసి పట్టుకునేవాణ్ణి కాదు."

ఇంటికి తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఫోను. సీటు గుడ్డ ఆకుపచ్చ కాదేమో, గోధుమరంగేమో అని అనుమానం. ఆమె ఫోను భర్త చేతిలో పెట్టి, పనికి వెళ్లిపోయింది.