వేలాఫీ తెచ్చిన రేగుకొమ్మ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వేలాఫీ నోరు ఏనాడూ మంచిది కాదు. తండ్రి పేరున ఎద్దును కోసి పెద్దలకు పెట్టుకునే రోజునే తమ్ముడు మ్లెంగి లారీ వేసుకుని జాంబియా వెళ్ళిపోయాడని ఆయనకు కోపం. నెల తిరక్కుండా అదే లారీ కొండమలుపులో బోల్తాపడి మ్లెంగి పోయాడు. పూడ్చిన రోజున అందరి ముందూ ఈయన అనేశాడు: "వాడికి రోడ్డే ఇల్లు. అక్కడే ఉండనీ."

అది మామూలు మాట కాదు. దారిలో చచ్చినవాడి శవం ఇంటికొచ్చినా, ప్రాణం ఆ నేలనే పట్టుకుని ఉంటుంది. ఇంటి పెద్ద మగవాడు రేగుకొమ్మ పట్టుకుని, సరిగ్గా నెత్తురు పడ్డ చోటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ప్రాణం కొమ్మను పట్టుకున్నాక ఇంటికి తెచ్చుకోవాలి. అందాకా వాడు పెద్దల్లో కలవడు. మ్లెంగి భార్య జిబుయిలే నాలుగేళ్ళు బావగారి గుమ్మం చుట్టూ తిరిగింది. నాలుగేళ్ళూ ఆయన ముఖం తిప్పుకున్నాడు. చివరికి కలలో తమ్ముడు రోడ్డు పక్కన చెయ్యి ఊపుతూ, ఏ బండీ ఆగక నిలబడి కనిపించేసరికి గుండె కరిగింది.

కొమ్మ పట్టుకున్నవాడు తిరుగుదారిలో పోయినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. అందుకని పొరుగింటి మఫీకాను తోడు రమ్మన్నాడు.

"నువ్వు తిరిగి మన మ్సింగా చేరేదాకా నోరు మూసుకుంటావా! ఆ వింత చూడ్డానికైనా వస్తాలే," అన్నాడు మఫీకా.

మలుపు దగ్గర దిగారు. మలుపు లేదు. డర్బన్ రేవు నుంచి సరుకు జాంబియా, కాంగోల దాకా ఆగకుండా పోవాలని హైవేని వెడల్పు చేస్తున్నారు. కొండను అడ్డంగా కోసేశారు. జిబుయిలే పాతిన తెల్ల సిలువ కోసం వేలాఫీ పిచ్చివాడిలా వెతుకుతుంటే, ఎర్రజెండాతో బళ్ళు ఆపుతున్న అమ్మాయి కేకేసింది.

"ఓ తాతా! రోడ్డు నీ అబ్బ సొత్తా, మధ్యలో నడుస్తున్నావ్?" అంతలోనే కొమ్మను చూసి జెండా దించేసింది. "తప్పయిపోయింది తాతా. ఎవరికోసం?"

"తమ్ముడమ్మా. పెద్ద రాయి పక్కన సిలువ ఉండాలి."

ఆమె చెయ్యి ఎత్తి ఆకాశం చూపించింది. "ఆ రాయి అంత ఎత్తున ఉండేది తాతా. నేలను ఇంత కిందికి తవ్వేశారు. మీ తమ్ముడు పోయిన చోట ఇప్పుడు గాలే ఉంది. తవ్వే ముందు మీవాళ్ళని తీసుకెళ్ళండని రేడియోలో చెప్పించారుగా, పోయిన చలికాలంలో? చాలామంది వచ్చారు."

ఆ రేడియో మాట అప్పట్లోనే జిబుయిలే విని, పరుగున వచ్చి కాళ్ళావేళ్ళా పడింది. పని ఉంది పొమ్మన్నాడు తను.

"మరి మట్టి ఏం చేశారు?" మఫీకా అడిగాడు.

"వంతెన కింద కొంత, లోయలో కొంత పోశారు. మిగతాది ఎటుపోయిందో."

వేలాఫీ వంతెన దగ్గర పిలిచాడు. లోయ దగ్గర పిలిచాడు. చివరికి రోడ్డు మధ్యలో నిలబడి, పైకి చూస్తూ, వంశంలో పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పి పిలిచాడు. ఆ అమ్మాయి రెండు వైపులా లారీలు ఆపింది. ఒక్క డ్రైవరూ హారన్ కొట్టలేదు.

"తప్పు నాదిరా. ఇంటికి పద."

కొమ్మను ఎవరూ పట్టుకున్నట్టు అనిపించలేదు. తమ్ముడు రాలేదని ఆయనకు తెలిసిపోయింది.

అయినా మఫీకా టాక్సీలో మూడు సీట్లు తీసుకున్నాడు. వేలాఫీ మధ్యనున్న ఖాళీ సీటుతో మాట్లాడుతూనే ఉన్నాడు. "థుకేలా నది దాటుతున్నాంరా మ్లెంగీ... ఇదిగో బడి... ఇక్కడ దిగాలి, పైలం." మఫీకా దారంతా కిటికీలోంచే చూశాడు.

జిబుయిలే గుడిసెలో వెనక గోడ దగ్గర, పోయిన పెద్దలుండే చోట, కొత్త చాప పరిచి, జొన్న బీరూ మేకమాంసమూ పెట్టి ఉంచింది. కొమ్మను రెండు చేతులా అందుకుంది.

"ఎంత తేలికైపోయాడు బావగారూ మనిషి! నాలుగేళ్ళు ఎండకీ వానకీ, తిండీ తిప్పలూ లేకుండా..."

ఇల్లు చేరాక మాట్లాడొచ్చు. రాలేదమ్మా అని చెప్పాలి. చెప్పలేకపోయాడు.

"మీరిక వెళ్ళండి బావగారూ. ఆయనతో మాట్లాడుకోవాలి," అంది, కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ. తలుపు వేసుకుంది.

"పెద్దది హైస్కూల్లో చేరిందండీ. మీ కోటు ఎవరికీ ఇవ్వలేదు, అలాగే ఉంది. ముందు తినండి, చల్లారిపోతుంది..."

వేలాఫీ పశువులదొడ్డి రాళ్ళకు తల ఆనించి, చొక్కా అంచు నోట్లో కుక్కుకుని, ఆమెకు వినపడకుండా ఏడ్చాడు.