బుధవారం ఆరింటికి, మేడ మీద

నేను ఒక మడత కుర్చీని. ఇనుప గొట్టాల కాళ్లు, రేకు ఒళ్లు. రాజమండ్రి దగ్గర ఒక షెడ్డులో పుట్టాను. నా ఎడమ కాలు అతికిస్తుండగా వెల్డరుకి ఫోనొచ్చింది. అందుకే నా మీద కూర్చున్నవాళ్లు ఈనాటికీ కాస్త ఎడమవైపుకి ఒరుగుతారు. దాన్ని లోపమంటారు గానీ, పక్కవాళ్లతో మాట కలపడానికి అదే వీలు.

మొదట కాకినాడలో ఒక షామియానా కొట్లో కొలువు చేశాను. పెళ్లిళ్లలో నా మీద కూర్చుని అక్షింతలు వేసినవాళ్లే, భోజనాల దగ్గర పప్పు పలచగా ఉందని మూతి ముడిచేవాళ్లు. తర్వాత నన్నొక బ్రాందీ షాపు పర్మిట్ రూముకి అమ్మేశారు. ‘రేపట్నుంచి మానేస్తాను’ అనే మాట అక్కడ విన్నన్నిసార్లు ఇంకెక్కడా వినలేదు. ఆ రేపు కూడా సాయంత్రానికల్లా వచ్చి నా మీదే కూర్చునేది. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు సింహాద్రి నాకు రోజువారీ మనిషి. మంచివాడు. గ్లాసు పట్టుకోకముందు కూతురి మార్కుల గురించి చెప్పేవాడు, పట్టుకున్నాక కూతురి పేరే మర్చిపోయేవాడు. నాకు వాడి మీద కోపం కన్నా జాలే ఎక్కువ.

పర్మిట్ రూము మూతపడ్డాక టైలరు సువార్తమ్మ నన్ను కొనుక్కుంది. సబ్బునీళ్లతో రెండుసార్లు తోమి, బ్లౌజుల కోసం వచ్చేవాళ్లకి వేసింది. ఆమె కొట్టు మీద మేడగది ఉంది. ప్రతి బుధవారం ఆరింటికి పదిమంది దాకా ఆ మెట్లెక్కేవాళ్లు. అందరూ ఒకప్పుడు తాగుడుకి చిక్కినవాళ్లే. ఒకరి గోడు ఒకరు విని, టీ తాగి, మరో వారం నిలబడగలమన్న ధైర్యంతో దిగేవాళ్లు. ఇంటిపేర్లు చెప్పుకోరు. అక్కడ విన్నది అక్కడే వదిలేస్తారు.

ఈ గుట్టుని వాళ్లకన్నా సువార్తమ్మే గట్టిగా కాపాడేది. ఒకసారి ఎవరో వచ్చి, పైకెళ్లే ఒకాయనకి చుట్టాన్నని చెప్పి అడిగితే, నమ్మి ఉన్నది చెప్పేసింది. తీరా వాడు ఆయన పనిచేసే కంపెనీలో సూపర్‌వైజరట. ఆయన ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి ఎవరడిగినా ఆమెది ఒకటే జవాబు, ‘పైన హిందీ ట్యూషనండి’. మనుషుల తీరు చూడండి, ముంచే చోటికి రంగు దీపాల బోర్డు పెడతారు, ఒడ్డున పడేసే చోటు మాత్రం దాచిపెడతారు.

ఒక బుధవారం సింహాద్రి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక కాగితం పట్టుకుని ఉన్నాడు. లివరు పాడైందని, ఇంకొన్నాళ్లు ఇలాగే తాగితే బతకడని డాక్టరు చెప్పి, ఈ అడ్రసు రాసిచ్చాడట. అదంతా నాకు తర్వాత తెలిసింది, ఆవేళ మాత్రం ‘పైన ఏముందండి’ అని ఊరుకున్నాడు. సువార్తమ్మ మిషను ఆపకుండానే హిందీ ట్యూషనంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్టాపు వైపు కాకుండా బ్రాందీ షాపు వైపు తిరిగాడు.

రెండో బుధవారం అతన్ని భార్య నూకరత్నం వెంటబెట్టుకొచ్చింది. మళ్లీ అదే హిందీ ట్యూషను జవాబు.

“పోనీ ఆ మాస్టారినడిగితే తెలుస్తాదేమోనండి,” అంది పాపం.

“మాస్టారు ఊళ్లో లేరమ్మా,” అంది సువార్తమ్మ, దారం తెంపుతూ.

నూకరత్నం రోడ్డు మీదే కళ్లు తుడుచుకుంది. “ఇంకెక్కడికని తిప్పేదయ్యా నిన్ను,” అంటూ మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఆ వారమంతా మనసు మనసులో లేదు.

మూడో బుధవారం ఒక్కడే వచ్చి, అడక్కుండానే నా మీద కూలబడ్డాడు. కొట్లో ముగ్గురు ఆడవాళ్లు బ్లౌజుల కోసం నిలబడి ఉన్నారు. అతను వాళ్లని చూడలేదు.

“అమ్మా, నేను తాగుతానండి. మానలేపోతన్నాను. ఇక్కడేదో ఉందంటే మూడోసారి వచ్చాను. లేదంటే లేదని ఒట్టేసి చెప్పండి, ఇంక ఎతకను,” అన్నాడు. గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

మిషను ఆగింది. సువార్తమ్మ లేచి నిలబడింది. “ఎంత పని చేశాను బాబూ! మీకోసమేనని ముందే అనొచ్చు కదండీ,” అని కొంగుతో మొహం తుడుచుకుంది. “పైన కుర్చీలు చాలవు. దీన్ని పట్టుకుని ఎక్కేయండి.”

సింహాద్రి నన్ను మడిచి చంకన పెట్టుకున్నాడు. ఆ మెట్ల మీద ఇద్దరం గోడకి నాలుగుసార్లు గుద్దుకున్నాం. గుమ్మంలో నిలబడి, “నేను తాగు...” అని మొదలెట్టాడు.

“కింద చెప్పారు కదండీ, మాకు వినబడింది,” అన్నాడొక ముసలాయన, పక్కకి జరుగుతూ. “కూర్చోండి. టీ చల్లారిపోతంది.”

మళ్లీ కిందికి దిగలేదు నేను. సువార్తమ్మ ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ‘మీకోసమేనాండి?’ అని అడుగుతోంది. అవునంటే మెట్లు చూపిస్తోంది. సింహాద్రి మానేసి పద్నాలుగు నెలలైంది. అందరికన్నా ముందొచ్చి, నన్ను గుమ్మం పక్కన వేసుకుని కూర్చుంటాడు. నాకింతకన్నా పెద్ద కొలువు అక్కర్లేదు.

పోయిన బుధవారం ఎవరో మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయారు. ఎంతసేపటికీ పైకి రాలేదు. సింహాద్రి నా మీంచి లేచి, చప్పుడు చేయకుండా దిగి వెళ్లాడు. కాసేపటికి మెట్ల మీద ఇద్దరి అడుగులు వినిపించాయి.