గోడవతల ఆగిన పాట

బట్టలు మడత పెడుతూ అత్తగారు తీసే కూనిరాగం కోడలికి కొత్తేమీ కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ వింటున్నదే. మాటల్లేని రాగం. మెల్లగా మొదలై, పైకి పైకి వెళ్లి, అన్నిటికంటే పైనున్న స్వరం అందుకోగానే ఠక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! చెవుల డాక్టరు దగ్గరనుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయింది. అత్తగారి కుడిచెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. ఎడమది కూడా అదే దారి పట్టిందని, వినాలనుకున్నవేవో ఇప్పుడే వినెయ్యమని డాక్టరు చెప్పాడు.

"ఏం వినాలనుంది అత్తయ్యా మీకు?"

"ఆ పాటలో మిగతా సగం," అందావిడ, తడుముకోకుండా.

"ఏ పాట?"

"నేను పాడేదే. నాకు వచ్చింది అంతే మరి. మీ ఆయన పుట్టిన కొత్తలో ఓ ఇరుకు గదిలో ఉండేవాళ్లం. మీ మామయ్య పొద్దున పనికి పోతే మళ్లీ చీకటిపడ్డాకే. ఉన్నావా తిన్నావా అని అడిగే దిక్కు లేదు. మధ్యాహ్నం పూట గోడవతల ఎవరో ఫ్లూట్ వాయించేవాళ్లు. ఆడో మగో కూడా ఎరగను. వీణ్ణి ఒళ్లో వేసుకుని దానికోసమే కాచుక్కూర్చునేదాన్ని. సరిగ్గా అక్కడిదాకా వచ్చి ఆపేసేవాళ్లు! చేతకాకపోతే మానెయ్యొచ్చుగా, రోజూ మొదలెట్టడం దేనికి? పాట ఆగిందా, ఇక వీడు రాగం అందుకునేవాడు. పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిపోయింది, సగంలో ఆపారని."

ఈ చివరి ముక్క మాత్రం కోడలికి కంఠతా వచ్చు. చుట్టాలందరికీ వచ్చు. పాట ఆగితే ఏడ్చిన పసివాడు! పువ్వు పుట్టగానే పరిమళించిందని మురిసిపోయి, అతనికి నడక వచ్చీరాగానే సంగీతం మాస్టారికి అప్పజెప్పారు. ఆయన నాలుగు పాఠాలు చెప్పి, "ఈ బాబుకి వేరే విద్యలు బాగా వస్తాయమ్మా," అని మర్యాదగా తిప్పి పంపేశాడు. వచ్చాయి కూడా. ఇప్పుడతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే చాలు, చెవులు మూసుకుని బాల్కనీలోకి పరిగెడతాడు. అయినా అత్తగారి దృష్టిలో కొడుకు పెద్ద రసికుడే. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

కోడలు పనిచేసేది సంచులు కుట్టే కార్ఖానాలో. అక్కడ అన్నాల వేళ రోజుకొకరి పాట స్పీకర్లో వెయ్యడం అలవాటు. పాటతోపాటు దాని వెనకున్న కథా చెప్పాలి. కథ లేని పాటకు స్పీకర్ ఇవ్వరు. తన వంతు వచ్చిన రోజున, వంటింటి తలుపు చాటునుంచి ఫోనులో పట్టుకున్న అత్తగారి కూనిరాగం వేసింది.

"ఇదేం పాటే, తల ఉంది గానీ తోక లేదు!" అని అందరూ నవ్వారు. కథ విన్నాక నవ్వులు తగ్గాయి. కటింగ్ మాస్టారు చేతిలో కత్తెర కింద పెట్టాడు. కుర్రతనంలో ఆయన ఓ బ్యాండులో ఫ్లూట్ వాయించేవాడట.

"నాకు తెలుసమ్మా ఇది. పెళ్లికి ముందు మా ఆవిడ వాళ్ల వీధిలో నించుని ఇదే వాయించేవాణ్ణి. ఆ పైస్వరం రాగానే కిటికీ తెరుచుకునేది."

"ప్రేమతోనా మాస్టారూ?" అంది గుండీలు కుట్టే అమ్మాయి.

"చెప్పుతో! చెవులు పగిలిపోతున్నాయంది. ఆ తర్వాత భాగం మెత్తగా కిందికి దిగుతుంది. అది విన్నాకే చెప్పు కింద పెట్టింది." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కానీ ఒక్కటి అర్థం కావట్లేదు. కష్టమంతా ఆ స్వరం దగ్గరే ఉంది. దాన్ని అందుకున్నవాళ్లకి మిగతాది మంచినీళ్లు తాగినంత తేలిక. మరెందుకు ఆపినట్టు?"

ఆ ప్రశ్న జోరీగలా కోడలి చెవి చుట్టూ తిరుగుతూనే ఉంది. మర్నాడు మాస్టారు తన పాత ఫ్లూట్ తెచ్చి, రొప్పుతూనే పాటంతా ఆమె ఫోనులోకి వాయించిపెట్టాడు.

సెలవురోజు మధ్యాహ్నం. కొడుకు మొహం మీద పేపరు కప్పుకుని సోఫాలో గుర్రు పెడుతున్నాడు. కోడలు అత్తగారి ఎడమచెవి పక్కన ఫోను పెట్టి, సౌండు పూర్తిగా పెంచింది. పాట మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకుంది. చెయ్యి తనంతట తనే ఒళ్లో బిడ్డ ఉన్నట్టే జోకొడుతోంది. రాగం పైకి, ఇంకా పైకి వెళ్లింది.

పైస్వరం పలికిందో లేదో, సోఫాలో మనిషి ఎగిరిపడ్డాడు. పేపరు ఒకవైపు, దిండు ఒకవైపు. రెండు చెవులూ మూసుకుని, ఏడుపు మొహం పెట్టి, "అమ్మా! ఆపండి దాన్ని!" అని కేకేశాడు.

కోడలు గభాల్న పాట ఆపేసింది.

ఆమె ఫోను మీదున్న తన వేలికేసి చూసుకుంది. మాస్టారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

"అత్తయ్యా," అంది ఆవిడ చెవి దగ్గర వంగి, గట్టిగా. "పాట ఆగినందుకు ఈయన ఏడవలేదు. ఈయన ఏడ్చాడని పాట ఆపారు."

అత్తగారు కొడుకును ఎగాదిగా చూసింది. "ఒరే, అది నీ నిర్వాకమట్రా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"చేతకాదని ఇన్నేళ్లూ ఆడిపోసుకున్నానే! వీడు నిద్రపోయి ఉంటాడని రోజూ మొదలెట్టేవాళ్లు కాబోలు. వీడి ఏడుపు వినగానే పక్కన పెట్టేసేవాళ్లు. నాకు ఎవరూ లేరనుకున్నానమ్మాయ్. గోడవతల నా బిడ్డని కనిపెట్టుకుని ఒక మనిషి ఉన్నారు."

కొడుక్కి సగమే అర్థమైనట్టుంది. అయినా తల్లి కన్నీళ్లు చూసి, వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. చెవుల్లో వేళ్లు దూర్చుకున్నాడు. "ఈసారి ఏడవను. పెట్టండి," అన్నాడు.

కోడలు పాట మళ్లీ మొదటినుంచి పెట్టింది. పైస్వరం దగ్గర అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ కిక్కురుమనలేదు. ఆ స్వరం దాటి రాగం మెత్తగా దిగడం మొదలుపెట్టింది. అత్తగారు వంగి, కొడుకు చెవుల్లోంచి వేళ్లు తీసేసింది.

"ఇక విను," అంది. "ఇది నువ్వూ వినలేదుగా."