కాలికి చూడాల్సిన బీపీ

మా అమ్మాయి చేతుల్లో నాడి దొరకదు. రక్తనాళాల గోడలు వాచి, లోపలి దారి సన్నబడే జబ్బు. చేతికి పట్టీ చుడితే బీపీ లేనట్టే ఉంటుంది. తొడకు చుడితే రెండు వందలు దాటుతుంది. ఎడమ కిడ్నీకి వెళ్లే నాళం పూడుకుపోవడమే కారణమని సర్జన్ తేల్చాడు. మందులతో వాపు అణిచి, ఆపరేషన్ చేశాడు. దీనికీ బీపీ దిగకపోతే తలలో నరం చిట్లొచ్చన్నాడు.

మర్నాడు పొద్దున వచ్చి చూశాడు.

"తొడలోంచి సిర తీసి, పూడుకున్న చోటు దాటించి కుట్టాం."

అమ్మాయిది దర్జీ పని. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు.

"అంటే పాత గుడ్డతోనే మాసికేశారన్నమాట! కుట్లు దగ్గరదగ్గరగా వేశారా సార్? ఊడిపోతే మళ్లీ మీ దగ్గరికే తెస్తాను."

"తేమ్మా, కూలి అడగను," అని నవ్వుతూ వెళ్లాడు.

తలుపు దగ్గర బావమరిది నిలబడ్డాడు. పోయిన నా భార్యకు తమ్ముడు. ఈ పిల్ల తలనొప్పితో గోడకు తల బాదుకుంటుంటే, పని ఎగ్గొట్టే నాటకాలన్న మనిషి. నేను పలకరించలేదు.

అమ్మాయి మళ్లీ మత్తుగా కళ్లు మూసుకున్నాక కొత్త నర్సు వచ్చింది. వస్తూనే చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. మళ్లీ కొట్టింది. మణికట్టు పట్టుకుంది.

"డాక్టర్! పేషెంటుకి పల్స్ లేదు!"

బావమరిది దబ్బున కూలబడ్డాడు. "అయ్యో బంగారుతల్లీ, వెళ్లిపోయావా!"

"ఎక్కడికి మావయ్యా? మంచం దిగడానికే లేదు," అంది అమ్మాయి. "సిస్టర్, ఆ చేతుల్లో ఏం దొరకదు. కాలికి కట్టండి. ఇది కాదు, దీన్ని కోశారు. ఆ కాలు."

ముందు నర్సు నవ్వింది. తర్వాత అమ్మాయి. "నవ్వించకండి బాబూ, కుట్లు!" అని పొట్ట పట్టుకుంది. నేను కుర్చీతో సహా ఊగిపోయాను.

"ఆగండి, నవ్వితే బీపీ తేడా వస్తుంది!" అంది నర్సు.

ఆగాం. పెదవులు కొరుక్కుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. పట్టీ బుస్సుమంది.

"నూట ముప్పై."

"మళ్లీ చూడమ్మా," అన్నాను.

మళ్లీ చూసింది. నూట ముప్పయ్యే.

సర్జన్‌కు చెప్పాలని లేచాను. బావమరిది కళ్లు తుడుచుకుంటూ అడ్డం వచ్చాడు. "బావా, ఇప్పుడైనా నాతో మాట్లాడవా?"

"తప్పుకో," అన్నాను. సంతోషం వేరు, క్షమించడం వేరు.

చెప్పులు వదిలేసి వరండాలో పరుగెత్తాను. నేల తుడుస్తున్నామెకు చెప్పాను. లిఫ్టు ముందు నిల్చున్న ముసలాయనకూ చెప్పాను.

"నూట ముప్పై ఏంటయ్యా?" అన్నాడాయన.

"మా అమ్మాయి!" అన్నాను.