వడ్లు పోసిన రోడ్డు

కరీంనగర్ టౌన్‌లో పుట్టి పెరిగిన నాకు వడ్లంటే బస్తాల్లో చూసినవే. విమానాలు మాత్రం పదకొండేళ్లుగా నడుపుతున్నాను, ఆరేళ్లుగా నేర్పుతున్నాను. అందుకే నాకు నోరెక్కువ, చెవులు తక్కువ.

వరికోతలప్పుడు, ఓ మధ్యాహ్నం, నా దగ్గర నేర్చుకునే సిద్ధు రెండు సీట్ల చిన్న విమానం నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మంథని దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి బలం కోల్పోయింది. ఎంత తంటాలు పడ్డా మళ్లీ అందుకోలేదు. ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. కింద తార్రోడ్డు తిన్నగా కనిపిస్తే అటు తిప్పమన్నాను.

"రోడ్డు వద్దు మేడం. గిప్పుడు వడ్లు ఎండబోస్తరు, చుట్టూ రాళ్లు పెడ్తరు. కోసిన పొలంల దింపుదాం," అన్నాడు.

పొలంలో గట్లుంటాయి, పల్టీ కొడతామని కసిరాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని కోపం కూడా వచ్చింది. "కంట్రోల్ నాది" అంటూ నా వైపు స్టీరింగు పట్టుకున్నాను. ఆ మాట వినగానే చేతులు తీసేయాలని నేర్పింది నేనే. తీసేశాడు.

రోడ్డులో సగం పసుపుగా ఉన్న సంగతి మరీ కిందికి వచ్చాక కనిపించింది. చక్రం రాళ్లకు తగిలి విమానం తిరగబడింది. నా చెయ్యి విరిగింది. సిద్ధు బతకలేదు.

అప్పుడు ఎవరు నడుపుతున్నారని విచారణకు వచ్చినవాళ్లు అడిగితే గుర్తు లేదన్నాను. లైసెన్సు పోతే నాకు ఇంకో పని రాదు. పిలగాడే భయపడి ముంచాడని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు.

దినాలు అయ్యాక సిద్ధు తండ్రి ఇస్తారి మా ఇంటికి వచ్చాడు. కట్టు కట్టిన నా చెయ్యి చూసి దండం పెట్టాడు.

"మావోడు తెల్వక జేసిండు బిడ్డా. మాఫ్ చెయ్యి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచలేక నడిపింది నేనేనని చెప్పేశాను. వడ్ల మాటా చెప్పాను, నేను వినలేదనీ చెప్పాను.

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"వాన్ని కన్న అవ్వ బయట ఆటోల ఉన్నది," అన్నాడు. "నీకు మొకం సూపియ్యలేక లోపలికి రాలే. గీ మాట నువ్వే పోయి చెప్పు."