వేలంలో గుర్రాల వంతు

"గుర్రాల్ని మనవాళ్లెవరూ పాడకపోతే ఎలాగే?" అన్నాను, కాఫీ తేటగా దిగడానికి పొడిలో గుడ్డు కొట్టి కలుపుతూ.

ఇంకా ఎవరి బండీ రాలేదు. మా అమ్మాయి బోర్గిల్డ్ రొట్టెలకు వెన్న రాస్తోంది. "వాన పడుతుందన్నావు, కాఫీ చాలదన్నావు, నాన్నకి ఏదో అవుతుందన్నావు. ఒక్కో భయం ముగించుకుని ఇంకోటి మొదలుపెట్టమ్మా," అంది.

నవ్వొచ్చింది. మూడేళ్లుగా వాన లేకే కదా మా గోధుమ మొలకలోనే మాడి, బ్యాంకువాళ్లు సామానంతా వేలానికి పెట్టింది. అయినా ఆ వాన ఈరోజే పడి వచ్చినవాళ్లు వెళ్లిపోతారేమోనని నా దిగులు.

నాగళ్లు పోతే పోనీ. ఫ్లోరా, స్వార్టెన్ ముసలి గుర్రాలు. బొచ్చు కోసం నక్కల్ని పెంచేవాళ్లకు మాంసం అమ్మే మనిషి ఒకడు ఆ ఏడు ప్రతి వేలానికీ లారీ వేసుకుని వస్తున్నాడు.

ఆ రెండూ మా మామగారి కొట్టంలో పుట్టాయి. మా ఆయన హాల్వర్, మా బావగారు సీవర్ కలిసి ఒక చలికాలమంతా మంచులో వాటికి నడక నేర్పారు. మామగారు కంచె మీద కూచుని ఈల వేసేవారు, స్వరం ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ఆ ఈల వినపడితేనే స్వార్టెన్ అడుగు వేసేది. క్రిస్మస్‌కి వాటిని మంచుబండికి కట్టుకుని అందరం చర్చికి వెళ్లేవాళ్లం. కాళ్ల కింద వెచ్చదనానికి కాచిన రాళ్లు, ఒళ్లో పసిది బోర్గిల్డ్, ముందు అన్నదమ్ములిద్దరూ పోటీలు పడి పాటలు. బండి బోల్తా పడుతుందని నేను దారంతా కళ్లు మూసుకునేదాన్ని. తెరుచుకుని చూసి ఉండాల్సింది.

మామగారు పోయాక, ప్లమ్ పొదలున్న గట్టు ఎవరిదనే దగ్గర మాట పెరిగింది. అప్పట్నుంచి చర్చిలో కూడా చెరో పక్కన కూచుంటారు.

అయినా వేలానికి బావగారు వచ్చారు. వచ్చి వెనక నిలబడ్డారు. మా వైపు ఒక మర్యాద ఉంది. దెబ్బతిన్నవాడి సొంతవాళ్లు ఉంటే, వాళ్లకు వద్దని తేలేదాకా ఇరుగుపొరుగు పాట పాడరు, వాళ్లు పాడితే పైపాట పాడరు. నాగళ్లకు, పాల డబ్బాలకు ఆయన కదల్లేదు గనక మిగతావాళ్లు తీసుకున్నారు. గుర్రాల వంతు వచ్చేసరికి మాత్రం అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని నేల చూశారు. వాటి మీద మొదటి మాట సీవర్‌దేనని ఊరంతటికీ తెలుసు.

సీవర్ మాట్లాడలేదు. లారీ మనిషి మాట్లాడాడు, బరువు లెక్కన ఒక ధర చెప్పాడు. వేలం వేసే పెడెర్‌సన్ ఆ ధరే సాగదీసి సాగదీసి పాడుతున్నాడు, పాపం, ఎంతసేపు పాడతాడు. మా ఆయన కొట్టం తలుపుకు ఆనుకుని తన బూట్లనే చూసుకుంటున్నాడు. ఈ మర్యాదే గుర్రాల ప్రాణం తీసేలా ఉందనిపించింది.

వేలంలో ఇంటివాళ్లు నోరు విప్పకూడదు. కాఫీ పొయ్యొచ్చు. కప్పు నింపి, పక్కన చక్కెర ముక్క పెట్టి, జనంలోంచి ఆయన దగ్గరికి నడిచాను. గొడవయ్యాక మా ఇంటి నీళ్లు కూడా ముట్టని మనిషి. అందరి ముందూ వద్దంటే? కప్పు ముందుకు చాపాను.

ఆయన నా చేతుల వైపు చూశారు. చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని ఒక గుక్క తాగారు. తర్వాత లారీ మనిషి ధర మీద ఒక్క డాలరు పెంచి చెప్పారు. లారీ మనిషి నోరు తెరవబోతే చుట్టూ ఉన్నవాళ్లంతా అతని వైపు తిరిగి ఊరికే చూశారు. మూసుకున్నాడు.

బావగారు పగ్గాలు పట్టుకున్నారు. ఫ్లోరా కదిలింది. స్వార్టెన్ కాళ్లు పాతుకుని నిలబడింది.

ఆయన కొట్టం వైపు తిరిగారు. "హాల్వర్, దీన్ని ఎలా కదిలించాలిరా?"

దానికి నడక నేర్పిన మనిషే అడుగుతున్నారు. పెడెర్‌సన్ కాగితాలు మడవడం ఆపాడు. బోర్గిల్డ్ నా మోచెయ్యి పట్టుకుంది. మా ఆయన పలకడని, గుర్రం ఇక్కడే ఉండిపోతుందని, మళ్లీ లారీ మనిషికే ఇస్తారని, అన్నీ వరసగా అనుకున్నాను. ఎండు గాలి వీస్తూనే ఉంది.

మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"నాన్న ఈల వెయ్యి అన్నయ్యా. నాకైతే ఇవాళ పెదాలు కుదరడం లేదు."