కురమోచి చివరి బంతి

ఇంత ఎండలో ఆ ముసలి ఛైర్మన్‌కి నల్లకోటు ఎవరు తొడిగారో, చెమట కారిపోతున్నా పూలగుత్తి వదలడు, మైకు వదలడు, పోనీలే వాళ్ళ పండగ వాళ్ళది, మనకెందుకు అనుకుంటూ మినోరు బ్యాట్ పిడికి జిగురు రాసుకున్నాడు, పెద్ద తెర వైపు చూడకూడదనుకున్నాడు గాని చూశాడు, ఎదుటి జట్టు హరిమా హెరన్స్ బేస్‌బాల్ చరిత్రలో మరపురాని ఘట్టాలట, ఓడల కార్ఖానా పనివాళ్ళని పోగేసి కట్టిన మొదటి జట్టు, అందరూ ఎండకి కమిలిన మొహాలే, తర్వాత వానలో బురదలో పొర్లి గెలిచిన ఫైనల్, ఆ పైనంతా ఇవాళ రిటైరవుతున్న పిచర్ కురమోచే, కురమోచి తాత్సువో చెయ్యెత్తితే, కురమోచి ఎగిరితే, కురమోచిని జట్టంతా కలిసి గాల్లోకి విసిరి పట్టుకుంటుంటే, జనం ఏడుస్తున్నారు, ఏడవండి, ఆ ఒక్క బంతి మాత్రం తెర మీద లేదు, ఎందుకుంటుంది, ఇసొగాయ్ షూహే అనేవాడొకడు ఈ మైదానంలోనే ముఖం పట్టుకుని కూలిపోయాడని వీళ్ళకెందుకు గుర్తుంటుంది, ఆ రోజు మినోరు ఇదే స్టేడియంలో ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు, పచ్చి వెదురు విరిగినట్టు వినబడింది, అన్న కంటి కింద ఎముక అది, డబ్బా ఎప్పుడు జారిపడిందో తెలియదు, కాళ్ళ దగ్గరంతా అన్నం.

బంతి బ్యాటర్‌కి తగిలితే, విసిరిన పిచర్ టోపీ తీస్తాడు, బడిపిల్లాడైనా తీస్తాడు, టోపీ తీసి తల వంచడానికి ఏం పోతుంది, కురమోచి తియ్యలేదు, బంతి విసిరే దిబ్బ మీద కొయ్యలా నిలబడి చూశాడు, స్ట్రెచర్ వెళ్ళిపోయేదాకా అలాగే చూశాడు, మర్నాడు పేపర్లన్నీ దుమ్మెత్తిపోశాయి, మైకులు మూతి దగ్గర పెట్టి అడిగితే చెప్పడానికేం లేదన్నాడు, అంతే, ఇన్నేళ్ళలో అదొక్కటే మాట, ఎంత పొగరు, అన్నకి ఆ కన్ను మళ్ళీ రాలేదు, ఇప్పుడు ఊళ్ళో ఉదోన్ నూడుల్స్ కొట్టు, ఒంటికన్నుకి దూరం తెలియక గరిటెడు పులుసు గిన్నె అంచు అవతల పోస్తాడు, పోసి తనే నవ్వుతాడు, ఆ నవ్వు చూస్తే మినోరుకి కడుపు మండుతుంది, నిన్న ఫోన్లో కూడా అదే నవ్వు, రేపు మొదటి బ్యాటింగ్ నీదేనటగా, మర్యాదగా ఊపి వచ్చెయ్యరా, ఆయన మనకేం అన్యాయం చెయ్యలేదు, అన్న ఎప్పుడూ ఇంతే, తన కాలు తొక్కినవాణ్ణి నీకేమైనా నొప్పెట్టిందా అని అడిగే రకం, నువ్వు మర్చిపో అన్నయ్యా, నేను మర్చిపోను.

మర్యాద అంటే అందరికీ తెలిసిందే, రిటైరయ్యే పిచర్ ఒక్క బ్యాటర్‌కే బంతులేస్తాడు, అన్నీ సూటి బంతులే, ఆ బ్యాటర్ మూడుసార్లు గాల్లో ఊపి అవుటై దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి, ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు, పొద్దున మేనేజర్ హతకెయామ భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు, ఏమయ్యా మినోరు, నీ మనసులో ఏముందో నాకు తెలుసు, మూడే మూడు ఊపులు, మన జట్టు పరువు తియ్యకు, చిత్తం అన్నాడు మినోరు, అనక ఏమంటాడు, లోపల మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాడు, ఆ మొదటి బంతిని చితక్కొట్టి అవతలి చేపల మార్కెట్ కప్పు మీద పడేస్తాడు, పూలగుత్తులు పట్టుకున్న కురమోచి పెళ్ళాం పిల్లల ముందే, వాడి చివరి బంతి అంటే జనానికి ఇకమీదట ఇదే గుర్తు రావాలి, ఆ తెర మీద ఆఖరి ఘట్టం నాదై ఉండాలి, చూడు తాత్సువో, బాగా చూడు.

తీరా మొదటి బంతికి చెయ్యి ఆడలేదు, అంత నెమ్మదిగా, అంత నడిమధ్యకి, పసివాడికి వేసినట్టు వచ్చింది, స్ట్రైక్ అన్నాడు అంపైర్, ఊపకపోయినా మూడింట్లో ఒకటి పోయినట్టే, జనం గుసగుసలు, ముసుగు లోపల్నుంచి, వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ తొబితా, ఏరా, ఊపవేం, నిద్రపోయావా అన్నాడు, మినోరు రెండోదాన్ని మాత్రం వదల్లేదు, ఉన్న కసంతా పెట్టి కొట్టాడు, బంతి ఈలవేస్తూ పోయి గీతకి రవ్వంత అవతల, కుర్చీల మధ్య పడింది, ఫౌల్, గీత దాటింది కాబట్టి అదీ పోయినట్టే లెక్క, స్టేడియంలో బాకాలు ఒక్కసారిగా ఆగిపోయాయి, ఒరేయ్, నిజంగానే కొడుతున్నావా అన్నాడు తొబితా, ఇప్పుడు ఆ గొంతులో ఎగతాళి లేదు, అవును నిజంగానే, చెప్పుకో మీ దొరకి.

దిబ్బ మీద కురమోచి చాలాసేపు బంతిని చేతిలో తిప్పుకున్నాడు, కణతల దగ్గర జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, భయపడుతున్నాడు, పడనీ, తొబితా చూపిన సైగకి తల అడ్డంగా ఊపాడు, ఇంకోదానికీ ఊపాడు, తొబితా మినోరు వైపుకి, లోపలికి జరిగి కూర్చున్నాడు, చేతి తొడుగు చప్పుడు ఈ పక్కకొచ్చింది, లోపలికా, బ్యాటర్ ఒంటి పక్కకా, ఆ రోజు తర్వాత ఎవరికీ లోపలికి వెయ్యలేదు వీడు, వెయ్యడానికి మొహం చెల్లొద్దూ, బ్యాటర్లందరికీ తెలిసిపోయి బయటి బంతుల్నే కాచుకుని బాదేవాళ్ళు, అలా బాదించుకునే ఇక్కడిదాకా దిగజారాడు, రానీ, లోపలికే రానీ, చెయ్యి పైకి లేచింది, బంతి నడిమధ్యకే వస్తోంది, నాదే, ఇది నాదే, ఒళ్ళంతా ముందుకి ఉరికింది, భుజం, మెడ, తల అన్నీ దాని మీదికి, అంతలో బంతి ఉన్నట్టుండి ఇటు మళ్ళింది, గడ్డం కింద సర్రున గాలి కోసుకుపోయింది, బ్యాట్‌కి ఏమీ తగల్లేదు.

మోకాలి మీద కూలబడ్డాడు, ముందు చూసింది తొబితా తొడుగునే, అది కదల్లేదు, బంతి దాటాల్సిన ప్లేటు పలక అంచు మీదే ఉంది, అది దాటి నా వైపు రాలేదు, బంతి అందులోనే ఉంది, మరి నా గడ్డం కింద ఎలా పోయింది అనుకుని తన తల ఎక్కడుందో చూసుకున్నాడు, ప్లేటు మీద ఉంది, నడిమధ్య, తనే తీసుకెళ్ళి పెట్టాడు, ఇదే బంతి, ఆ రోజూ ఇదే బంతి, అన్నకీ ఇలాగే ఆశ పుట్టి ఉంటుంది, తల ఇలాగే బంతి మీదికి పోయి ఉంటుంది, ఆయన మనకేం అన్యాయం చెయ్యలేదు, ఓరి అన్నయ్యా, అది మంచితనం కాదు, నీకు తెలుసు, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, మినోరు పేరు పెట్టి అరుస్తున్నారు, ఎంత అందంగా ఊపాడు, ఎంత మర్యాదస్తుడు, హతకెయామ కళ్ళు తుడుచుకుంటున్నాడు, దిబ్బ మీద కురమోచి టోపీ తియ్యకుండా ఆ రోజులాగే నిలబడి చూస్తున్నాడు, మినోరు లేచాడు, హెల్మెట్ తీశాడు, నడుం వంచి తల దించాడు, కళ్ళ ముందు ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు, కుర్రాడే బంతి మీదికి వచ్చాడండీ అని అప్పుడు కురమోచి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ తిట్లన్నీ తప్పేవి, కన్ను పోగొట్టుకున్నవాడి మీద ఆ ముక్క ఇన్నేళ్ళూ అతను ఎవరికీ చెప్పలేదు.